అమాసకీ పున్నానికీ

మా నాన్న కాంపౌండరు. కోనసీమలో కాలువ గట్టునున్న ఒక ఊళ్ళో, ఒక డాక్టరుగారి దగ్గర, నాకు ఊహ తెలిసేనాటికే ఆ పనిలో ఉన్నారు. 1970ల నాటి మాట ఇది. బడి నుంచి రాగానే అమ్మ నా చేతికి కాఫీ ఫ్లాస్కు ఇచ్చి ఆసుపత్రికి పంపేది. ఫ్లాస్కు ఇచ్చేశాక నేను ఇంటికి వచ్చేదాన్ని కాదు. మందులు కలిపే గదిలో చెక్క స్టూలు మీద కూర్చుని దీపాలు పెట్టే వేళ దాకా అక్కడే ఉండేదాన్ని. ఏదైనా ఎంత తరచుగా వస్తోందో, వస్తే ఎంతసేపు వదలకుండా ఉంటోందో చెప్పడానికి మనకున్న మాటల్లో చాలా వరకు నేను ఆ స్టూలు మీద కూర్చుని విన్నవే.

ఆ గది ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. టింక్చర్ అయోడిన్ వాసన, స్పిరిట్ వాసన, కిరసనాయిలు స్టవ్ మీద గాజు సిరంజిలు మరుగుతున్న చప్పుడు. అద్దాల బీరువాలో పెద్ద పెద్ద సీసాలు. కడుపుబ్బరానికి గులాబీ రంగు కార్మినేటివ్ మిక్చరు, చలిజ్వరానికి చేదు క్వినైను, దెబ్బలకీ పుళ్ళకీ ఊదారంగు మందు. పొడులు నూరడానికి పింగాణీ కల్వం, కొలవడానికి ఔన్సు గ్లాసు. సీసా మాత్రం రోగులే తెచ్చుకోవాలి. నాన్న అందులో మిక్చరు పోసి, సన్నటి కాగితం పట్టీని మడతపెట్టి, అంచున కత్తెరతో గాట్లు కత్తిరించి, జిగురు రాసి సీసాకి నిలువుగా అంటించేవారు. గాటుకీ గాటుకీ మధ్య ఉన్నది ఒక మోతాదు. "పూటకో గాటు దిగాలి" అని చెప్పి పంపేవారు. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఆ పట్టీ చూసుకుని మందు సరిగ్గా వేసుకునేది. ఎంత, ఎన్నిసార్లు అన్న రెండు సంగతులనీ ఒక కాగితం ముక్కలో ఇంత తేలిగ్గా చెప్పిన పద్ధతి ఆ తర్వాత నాకెక్కడా కనిపించలేదు.

డాక్టరుగారి గదిలోకి వెళ్ళేముందు అందరూ నాన్న కిటికీ దగ్గర ఆగాలి. నాన్న అడిగేవి రెండే. "ఎన్నాళ్ళ నుంచి?" "ఎలా వస్తోంది?" రెండోదానికి రోగి ఏ మాటతో జవాబు చెబితే ఆ మాటనే చీటీ మీద రాసేవారు. 'మాటిమాటికీ' అంటే మాటిమాటికీ. 'అదేపనిగా' అంటే అదేపనిగా. రెండూ ఒకటే కదా నాన్నా అని నేనొకసారి అడిగితే ఒప్పుకోలేదు. మాటిమాటికీ అంటే ఆగుతోంది, ఆగి మళ్ళీ వస్తోంది. అదేపనిగా అంటే ఆగడమన్నదే లేదు. దగ్గు మాటిమాటికీ వచ్చేవాడు రాత్రి కాసేపైనా కన్ను మూస్తాడు. అదేపనిగా దగ్గేవాడు తనూ పడుకోడు, ఇంట్లోవాళ్ళనీ పడుకోనివ్వడు. చీటీలో ఆ తేడా పడకపోతే లోపల డాక్టరుగారికి ఎలా తెలుస్తుంది అనేవారు.

చీటీ మీద పడిన మాటల్లో నాకు బాగా నచ్చింది 'ఉండుండి'. ఉండుండి పోటు పెడుతోంది, ఉండుండి కళ్ళు తిరుగుతున్నాయి అనేవారు. ఇది మాటిమాటికీ వచ్చే బాధ కాదు. మనిషి దాన్ని మర్చిపోయేంత వ్యవధి ఇచ్చి, ఇక పోయిందిలే అనుకున్నప్పుడు తిరిగి వచ్చేది. అందులో కొంచెం భయం కూడా ఉంటుంది. ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి. 'అప్పుడప్పుడూ' అన్నవాళ్ళ మొహంలో ఆ భయం ఉండేది కాదు. 'అస్తమానం' అన్నవాళ్ళు ఎక్కువగా వాళ్ళ గురించి చెప్పేవారు కాదు, పిల్లల గురించో అత్తగారి గురించో చెప్పేవారు. "అస్తమానం కడుపునొప్పంటాడండి" అని ఒక తల్లి అంటే, నాన్న ఆ మాట రాసి, తల ఎత్తి, పిల్లాడినే మళ్ళీ అడిగేవారు. అస్తమానం అనేది విసిగిపోయినవాళ్ళ నోటి నుంచి వచ్చే లెక్క. అది తప్పు లెక్కని కాదు గానీ, పక్కనున్నవాళ్ళ ఓపికని కూడా కలుపుకుని వస్తుంది.

జ్వరాల విషయానికొస్తే ఈ మాటలే సగం పరీక్ష. రక్తం చూపించుకోవాలంటే పట్నం పోవాల్సిన రోజులవి. "రోజు మార్చి రోజు వత్తందండి. వణుకు పుట్టుకొత్తే ఎన్ని దుప్పట్లేసినా ఆగదండి. చెమట పట్టేశాక మళ్ళీ మామూలేనండి. ఆ మర్నాడు పొలానిక్కూడా ఎల్లానండి" అని ఒక రైతు చెబుతుంటే, నాన్న అప్పటికే క్వినైను సీసా వైపు చూసేవారు. తర్వాత నర్సింగు చదువులో మలేరియా పాఠం వచ్చింది. ఆ క్రిమి ఎర్ర రక్తకణాల్లో పెరుగుతుందనీ, ఆ కణాలన్నీ ఒక్కసారిగా పగిలినప్పుడు చలీ జ్వరమూ వస్తాయనీ, మన దగ్గర ఎక్కువగా కనిపించే రకాల్లో ఒక్కో చక్రానికి 48 గంటలు పడుతుందనీ మేడమ్ చెబుతుంటే నాకు ఆ కిటికీ దగ్గర నిలబడ్డ మనుషులే గుర్తొచ్చారు. సూక్ష్మదర్శినిలో చూసి తేల్చిన చక్రాన్ని మా ఊరివాళ్ళు ఒళ్ళు చూసుకుని చెప్పేవారు.

మలేరియా అంటే మా ఇంటి గోడ గుర్తొస్తుంది. 1958లో మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలైన దగ్గర నుంచి ఊళ్ళకి మలేరియా వర్కర్లు వచ్చేవారు. మా ఊరికీ పదిహేను రోజులకోసారి ఒకాయన సైకిలు మీద వచ్చేవాడు. "ఈ పదిహేను రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలిందా అమ్మా?" అని అడిగి, తగిలిందంటే వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం చుక్క తీసుకుని, మాత్రలు ఇచ్చి, గోడ మీద గీసిన గళ్ళలో తేదీ వేసి సంతకం పెట్టి పోయేవాడు. సంక్రాంతికి అమ్మ ఇల్లంతా వెల్ల వేసేది గానీ ఆ గళ్ళ చుట్టూ జాగ్రత్తగా కుంచె తిప్పి, దాన్ని మాత్రం వదిలేసేది. 1965 నాటికి దేశం మొత్తం మీద మలేరియా కేసులు లక్షకి దిగాయి. ఇక పోయిందనే అందరూ అనుకున్నారు. 1976లో అవి 64 లక్షలు దాటాయి. ఆ రోజుల్లో నాన్న చీటీల కట్టలో 'రోజు మార్చి రోజు' ఎన్నిసార్లు కనిపించేదో చెప్పలేను.

చాలా ఏళ్ళ తర్వాత నాన్న హైదరాబాదు వచ్చినప్పుడు ఆయన్ని బేగంపేటలో రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం దగ్గరికి తీసుకెళ్ళాను. 1897 ఆగస్టు 20న రాస్ సికింద్రాబాదులో ఉండగా దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. ఒక్కో దోమకీ ఒక అణా ఇచ్చారట. 1902లో రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. నాన్న ఆ మెట్ల మీద కూర్చుని, "ఆ హుస్సేన్ ఖాన్‌ని కూడా ముందు ఎవరో ఒకరు ఎలా వస్తోందయ్యా అని అడిగే ఉంటారు" అన్నారు. ఆయనకి రాస్ కంటే హుస్సేన్ ఖాన్ మీదే గౌరవం ఎక్కువ కలిగింది.

రోజు మార్చి రోజు వచ్చేది ఒక జాతి. 'విడవని జ్వరం' ఇంకో జాతి. అది మెట్టు మెట్టుగా ఎక్కి, దిగకుండా కూర్చుంటుంది. టైఫాయిడ్ అనే మాట అప్పటికే ఊళ్ళోకి వచ్చినా, పెద్దవాళ్ళు సన్నిపాతం అనే అనేవారు. లంఖణాల పేరుతో రోజుల తరబడి మనిషికి ఏమీ పెట్టేవారు కాదు. నాన్నకి అది అసలు నచ్చేది కాదు. క్లోరోమైసిటిన్ గొట్టం మాత్రలు ఇచ్చి, జావ తాగించండి, పస్తు పెట్టకండి అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేవారు.

మూడోది ఇంకా మెత్తని మాటలో వచ్చేది. "మాపటేళకి ఒళ్ళు ఎచ్చబడతందండి" అని. అంతకు మించి ఏమీ ఉండదు. వణుకు లేదు, పగలంతా పనిలోనే ఉంటారు. కానీ రోజూ పొద్దుగూకేసరికి. ఆ 'రోజూ' అన్న మాట వినగానే నాన్న ఆగేవారు. దగ్గు ఎన్నాళ్ళ నుంచి, తిండి సయిస్తోందా, బట్టలు వదులవుతున్నాయా అని అడిగేవారు. ఆ చీటీ మీద అడుగున ఒక గీత గీసేవారు. ఆ గీత క్షయ అనుమానం. ఆ జబ్బు పేరు పైకి అనేవారు కాదు, వినేవాళ్ళు నలుగురుంటారని.

వానాకాలం వచ్చిందంటే రోగాలకీ వానకీ ఒకే మాటలు వాడేవారు. మా వైపు ముసురు పడితే రోజుల తరబడి వదలదు. వాన కాసేపు ఆగితే 'తెరిపిచ్చింది' అంటారు. ఆ కాసేపట్లోనే జనం గొడుగులేసుకుని ఆసుపత్రికి వచ్చేవారు. అసలు ఆగనిదైతే ఎడతెరిపి లేని వాన. జబ్బుమనిషి కోలుకుంటే 'తెరిపిన పడ్డాడు' అంటారు. 1986 ఆగస్టులో గోదావరి వరద వచ్చినప్పుడు నేను నర్సింగు పూర్తి చేసి ఇంటి దగ్గరే ఉన్నాను. లంకల నుంచి పడవల్లో వచ్చినవాళ్ళకి బడిలో శిబిరం పెట్టారు. నాన్నా నేనూ అక్కడే ఉన్నాం. నీళ్ళ విరేచనాలతో ఒక చంటిదాన్ని తెచ్చారు. తల్లి ఏమీ చెప్పలేని స్థితిలో ఉంది. ఎన్నిసార్లయింది అంటే జవాబు లేదు. పక్కనున్న అవ్వ చెప్పింది, "తెరిపే లేదు బాబూ" అని. ఎన్నిసార్లన్న లెక్క ఇక అక్కర్లేదు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో అదేపనిగా పట్టిస్తూ తెల్లవార్లూ కూర్చున్నాం. పొద్దున్న పిల్ల గుక్కపట్టి ఏడిచింది. ఏడుపు వింటే అంత సంతోషం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

పురుళ్ళ దగ్గర అసలు విద్యే ఇది. మా ఊరి మంత్రసాని మామ్మకి గడియారం చూడడం రాదు. నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే వెంటనే లేచేది కాదు. "ఉండుండి వత్తున్నాయా, తెరలు తెరలుగా వత్తున్నాయా?" అని కబురు తెచ్చినవాళ్ళని అడిగేది. ఉండుండి వచ్చేవి దొంగ నొప్పులు కావచ్చు. నడుస్తుంటే తగ్గుతాయి, పడుకుంటే పోతాయి. తెరలు తెరలుగా అంటే ఒక్కో తెర ముందుదాని కంటే దగ్గరగా, ముందుదాని కంటే గట్టిగా వస్తోందని. అప్పుడు చెంగు దోపుకుని బయల్దేరేది. మాకు కాలేజీలో పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు, ఒక్కోటి ఎన్ని సెకన్లు అని కాగితం మీద గళ్ళు నింపడం నేర్పారు. ఆ లెక్క అవసరమే, ప్రాణాలు కాపాడేదే. నేను వేల గళ్ళు నింపాను. కానీ ఫోన్లో ఒక తల్లి భయంగా మాట్లాడుతుంటే ఇప్పటికీ ముందు నా నోటి నుంచి వచ్చేది మామ్మ ప్రశ్నే.

ఇక ఈ రాతకి పెట్టిన పేరు సంగతి. పాత డాక్టరుగారు పెద్దవారై విశ్రాంతి తీసుకున్నాక పట్నం నుంచి ఒక కుర్ర డాక్టరుగారు వచ్చారు. మంచి చదువు, మంచి మనసు. ఒకరోజు ఒక తండ్రి పదేళ్ళ పిల్లాడిని తెచ్చాడు. మూర్ఛలు. ఎన్నాళ్ళకోసారి అంటే "అమాసకీ పున్నానికీ అండి" అన్నాడు. నాన్న అలాగే రాశారు. డాక్టరుగారు చీటీ చదివి, చాలా అరుదుగా అన్నమాట, కొన్నాళ్ళు చూద్దాం అని పంపించబోయారు. నాన్న ఎప్పుడూ డాక్టరు గదిలోకి పిలవకుండా వెళ్ళేవారు కాదు. ఆ రోజు వెళ్ళారు. "అమాసకో పున్నానికో అనలేదండి. అమాసకీ పున్నానికీ అన్నాడు" అన్నారు. కో అంటే ఎప్పుడో ఒకసారి. కీ అంటే ప్రతి అమావాస్యకీ, ప్రతి పున్నమికీ, అంటే పదిహేను రోజులకోసారి తప్పకుండా. ఒక్క అక్షరం. డాక్టరుగారు తండ్రిని మళ్ళీ కూర్చోబెట్టి అడిగితే అదే నిజమని తేలింది. ఆ పిల్లాడికి ఆ రోజే గార్డినాల్ మాత్రలు మొదలుపెట్టారు. చంద్రుడికీ మూర్ఛకీ సంబంధం ఉందో లేదో అన్న వాదన నాన్న పెట్టుకోలేదు. ఆ తండ్రికి రోజులు గుర్తుపెట్టుకోవడానికి ఉన్న క్యాలెండరు ఆకాశంలో ఉంది, అంతే. ఆ తర్వాత ఆ కుర్ర డాక్టరుగారు నాన్న చీటీని గట్టిగా చదివి, రోగితో సరిపోల్చుకునేవారు.

పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వల్ల పాలమూరు వచ్చాం. ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. మాటలన్నీ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను, అదీ ఎంతో ఇష్టంగా. అక్కడ జ్వరం అనరు, "పెయ్యి కాలుతుంది" అంటారు. దాహం దూప. మాటిమాటికీ అన్నదానికి 'ఊకూకె', 'గడిగడికి'. ఒక పెద్దమ్మ వచ్చి, "ఊకూకె దూపైతుంది బిడ్డా, గడిగడికి ఒంటికి పోవుడైతుంది" అంటే చాలు, షుగరు చూడాలని తెలిసిపోతుంది. "దినాం మాపటికి పెయ్యి కాలుతుంది" అని మొదటిసారి విన్నప్పుడు నేను రాస్తున్న పెన్ను ఆపేశాను. మాపటేళ, మాపటికి. గోదావరి దాటి ఇంత దూరం వచ్చినా ఆ జబ్బు తనని తాను అదే మాటతో చెప్పుకుంటోంది. నాన్నలాగే చీటీ కింద గీత గీశాను.

క్షయ మందుల్లోనూ ఎన్నిసార్లు అన్నదే పెద్ద సమస్య. 1997 నుంచి విడతలవారీగా డాట్స్ పద్ధతి వచ్చింది. ఒక్కో రోగి పేరు మీద ఒక్కో డబ్బా. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు, ఆరోగ్య కార్యకర్త కళ్ళ ముందే మింగాలి. సోమవారం, బుధవారం, శుక్రవారం. చెప్పడానికి తేలికే. పాలమూరులో పనులకి వలస పోయే కుటుంబాలకి అది ఎంత కష్టమో దగ్గరగా చూశాను. ముంబయికో పుణెకో పోయే ముందు రోజు వచ్చి, "నడుమల ఒక్కటి తప్పితె ఏమైతది సిస్టరమ్మా?" అని అడిగేవారు. తప్పితే మళ్ళీ మాపటికి పెయ్యి కాలుతుంది, ఈసారి ఈ మందులకి లొంగకపోవచ్చు అని చెప్పేదాన్ని. కొందరు డబ్బా చంకన పెట్టుకుని పోయి అక్కడ ఎవరినో పట్టుకుని మింగేవారు. కొందరు తిరిగి రాలేదు. 2017లో దేశమంతటా రోజూ మింగే పద్ధతికి మార్చారు. 'రోజు విడిచి రోజు' గుర్తుపెట్టుకోవడం కంటే 'దినాం' గుర్తుపెట్టుకోవడం మనిషికి తేలిక. అన్నంతోపాటు అదీ ఒకటని అలవాటైపోతుంది. ఆ మార్పు ఎంత మంచిదో నాకు ఏ కాగితమూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నేను రిటైరై, వారంలో కొన్ని రోజులు నర్సింగు పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఆసుపత్రుల్లో కంప్యూటర్లు వచ్చాయి. బాధ ఎంత తరచుగా అన్న చోట నాలుగు గళ్ళుంటాయి. అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ. ఒకటి నొక్కితే తర్వాతి పేజీ వస్తుంది. పిల్లలు చకచకా నొక్కేస్తారు. వాళ్ళని తప్పుపట్టను, వరసలో ఇంకా అరవై మంది ఉంటారు. కానీ ఉండుండి వచ్చే గుండెనొప్పి ఏ గడిలో పడుతుంది? తెరలు తెరలుగా వచ్చేది? అందుకని గడి నొక్కమనే చెబుతాను, దాంతోపాటు కింద ఖాళీ జాగాలో రోగి అన్న మాటని తెలుగులోనే టైపు చేయమని పట్టుబడతాను. మొదట్లో టైమ్ వేస్ట్ అని గొణిగారు. పోయిన ఏడాది కొడంగల్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ముప్పై ఏళ్ళు కూడా నిండని కూలీ మనిషి 'గడిగడికి దూప' అన్నాడని రాసి, ఎవరూ చెప్పకుండానే షుగరు చూసింది. నాలుగు వందలు దాటి ఉంది. అతను వచ్చింది కాలి మీద పుండు మానడం లేదని. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, పుండు మానింది, పనికి పోతున్నాడు.

ఆ అమ్మాయి ఒక నోట్‌బుక్కు పెట్టింది. మాట ఒకవైపు, ఏ జిల్లా మనిషి అన్నాడో, ఏ బాధకి అన్నాడో రెండోవైపు. అనంతపురం నుంచి వచ్చిన సహవిద్యార్థిని చెప్పిన 'యాపొద్దూ', 'ఊరికూరికే' కూడా అందులో ఎక్కాయి. మొన్న నన్ను కూర్చోబెట్టి మా కోనసీమ మాటలన్నీ చెప్పించుకుంది. 'అమాసకీ', 'అమాసకో' పక్కపక్కన రాసుకుని, కీ కింద ఎర్ర సిరాతో గీత గీసింది. వచ్చే వారం శ్రీకాకుళం నుంచి చేరిన అమ్మాయి వంతట.